ఈడేరే వయసు, హార్మోన్ల ఆరోగ్యం: మన ఆడపిల్లలకు తెలియాల్సిన లెక్క

(సంత్ సేవాలాల్ మహారాజ్ జయంతి యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను "విద్య గురించి నాలుగు మాటలు చెప్పండి మేడం" అని పిలిచారు. నేను చెప్పబోయేది విద్య గురించే. కాకపోతే మన పుస్తకాల్లో ఒక పాఠం ఉంటుంది, టీచర్లు దాన్ని "మీరే చదువుకోండి" అని వదిలేసి ముందుకు పోతారు. ఇవాళ ఆ పాఠం చెబుతాను. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యే వయసు గురించి, దాని చుట్టూ ఉండే హార్మోన్ల ఇబ్బందుల గురించి. మగపిల్లలు లేచి బయటికి పోవద్దు. రేపు మీరు అన్నలు, భర్తలు, తండ్రులు అవుతారు. ఈ సంగతి తెలియని మగవాళ్ల వల్లే సగం నష్టం జరుగుతోంది.

మన తీజ్ పండుగ గుర్తు తెచ్చుకోండి. పెళ్లికాని ఆడపిల్లలందరూ వెదురు బుట్టల్లో మట్టి, ఎరువు పోసి, ఒకే రోజు గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. అన్నీ ఒకే గోధుమలు, ఒకే నీళ్లు. అయినా ఒక బుట్టలో మొలక ముందు లేస్తుంది, ఇంకో బుట్టలో ఒక రోజు ఆలస్యంగా లేస్తుంది. ఎవరూ ఆ బుట్టను పారెయ్యరు. ఆడపిల్ల శరీరం కూడా అంతే. కానీ అక్కడ మాత్రం మనం ఓపిక పట్టం. తొమ్మిదేళ్లకో పదేళ్లకో అయితే "అప్పుడేనా?" అంటాం. పద్నాలుగు దాటినా కాకపోతే "ఏదో లోపం ఉంది" అంటాం. ఈ రెండు మాటల మధ్య పిల్ల నలిగిపోతుంది.

ముందు ఇది ఎట్లా జరుగుతుందో చెబుతాను. మన మెదడు అడుగు భాగంలో హైపోథాలమస్ అని ఒక చిన్న భాగం ఉంటుంది. చిన్నతనమంతా అది దాదాపు నిద్రలోనే ఉంటుంది. ఒక వయసు వచ్చాక మేలుకుని, దాని కిందనే ఉన్న పిట్యూటరీ గ్రంథికి విడతలు విడతలుగా సంకేతం పంపుతుంది. పిట్యూటరీ ఆ సంకేతాన్ని అండాశయాలకు అందిస్తుంది. అండాశయాలు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తయారు చేస్తాయి. దాంతో ముందు ఛాతీ పెరగడం మొదలవుతుంది, ఎత్తు గబగబా పెరుగుతుంది. ఛాతీ పెరగడం మొదలైన రెండు, రెండున్నర ఏళ్లకు మొదటి నెలసరి వస్తుంది. అంటే మనం ఫంక్షన్ చేసే రోజు ఈ మార్పుకు మొదలు కాదు, దాదాపు చివరి మెట్టు. అప్పటికే పిల్ల ఎత్తు చాలావరకు పెరిగిపోయి ఉంటుంది. ఆ తర్వాత పెరిగేది సగటున 5 నుంచి 7 సెంటీమీటర్లు మాత్రమే.

మరి ఏ వయసు మామూలు? ఆడపిల్లలకు 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఛాతీ పెరగడం మొదలైతే అది మామూలే. మన దేశంలో 2005లో జరిగిన మానవాభివృద్ధి సర్వే లెక్కలు చూస్తే, మొదటి నెలసరి సగటు వయసు 13.76 ఏళ్లు. 1955-64 మధ్య పుట్టిన ఆడవాళ్లతో పోలిస్తే 1985-89 మధ్య పుట్టినవాళ్లకు అది దాదాపు మూడు నెలలు ముందుకు జరిగింది. అంటే వయసు తగ్గుతున్న మాట నిజమే, కానీ "మా కాలంలో పద్దెనిమిదికి అయ్యేవాళ్లం, ఇప్పుడు ఎనిమిదికే అవుతున్నారు" అని మన అవ్వలు చెప్పేంత కాదు. పట్నం పిల్లలకు, తిండికి లోటు లేని ఇళ్ల పిల్లలకు కొంచెం ముందు, తిండి చాలని ఇళ్ల పిల్లలకు కొంచెం ఆలస్యం.

ఎందుకు ముందుకు జరుగుతోంది అని అడిగితే తండాలో రెండు జవాబులు వస్తాయి. ఒకటి, "ఇంజెక్షన్ కోళ్లు తినడం వల్ల". రెండు, "ఇంజెక్షన్ వేసి పిండిన బర్రెపాలు తాగడం వల్ల". ఫారం కోడి త్వరగా పెరిగేది దాని జాతి వల్ల, దానికి పెట్టే దాణా వల్ల. హార్మోన్ ఇంజెక్షన్ వల్ల కాదు. ఇక బర్రెకు వేసేది ఆక్సిటోసిన్. అది పాలు చేపడానికి, కాన్పులో గర్భసంచి బిగియడానికి పనిచేసే హార్మోన్. మన కడుపులోకి పోతే అన్నంతో పాటు అరిగిపోతుంది. ఆడపిల్లను పెద్దమనిషిని చేసే హార్మోన్ అది కానే కాదు. బర్రెకు అట్లా ఇంజెక్షన్ వెయ్యడం తప్పే, బర్రెకు అది బాధే. కానీ దానికి భయపడి ఆడపిల్లకు పాలు, గుడ్డు, మాంసం ఆపేస్తే నష్టపోయేది పిల్ల. ఈ పుకారు వల్ల గుడ్డు పక్కన పెట్టేసే పిల్లలను హాస్టల్ భోజనాల దగ్గర నేను ప్రతి ఏడాదీ చూస్తున్నాను.

అసలు కారణాల్లో పెద్దది పోషణ. శరీరంలో కొంత కొవ్వు చేరాక లెప్టిన్ అనే హార్మోన్ మెదడుకు "ఇక్కడ నిల్వ ఉంది, ముందుకు పోవచ్చు" అని కబురు పంపుతుంది. తిండి సరిపోతే ఈ కబురు తగిన సమయానికి చేరుతుంది. చిన్నప్పుడు తిండి లేక ఎండిపోయి, తర్వాత ఒక్కసారిగా బరువు పెరిగితే కబురు తొందరగా చేరవచ్చు. దీనికి ఒక ఉదాహరణ దూరదేశంలో ఉంది. మన దేశం నుంచి స్వీడన్‌కు దత్తత పోయిన 107 మంది ఆడపిల్లల మీద అక్కడి డాక్టర్లు పరిశోధన చేసి 1991లో ప్రచురించారు. వాళ్లలో సగం మందికి 11.6 ఏళ్లు నిండేలోపే నెలసరి వచ్చేసింది. ఇక్కడ పేదరికంలో చిక్కిపోయి, అక్కడికి పోయాక వేగంగా పెరిగిన పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపించింది. అంటే చిన్నప్పటి ఆకలి ఒక్కటే కాదు, ఆకలి తర్వాత వచ్చే హఠాత్తు మార్పు కూడా శరీరం గడియారాన్ని కదిలిస్తుంది.

ఇప్పుడు మన శంషాబాద్ సంగతికి రండి. 2008 మార్చిలో ఇక్కడ విమానాలు ఎగరడం మొదలైంది. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇవాళ ఈ సభలో కూర్చుని ఉన్నారు. మీ తాతలు జొన్న చేనుకు పోయి, రొట్టె, పుంటికూర తిని, చీకటి పడగానే పడుకున్నారు. మీ అమ్మానాన్నలు విమానాశ్రయంలో హౌస్‌కీపింగ్‌కు, గోదాములకు, హోటళ్లకు షిఫ్టుల మీద పోతున్నారు. జొన్న రొట్టె పోయి మూడు పూటలా తెల్లన్నం వచ్చింది. పిల్ల చేతిలో ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్, పక్కన కూల్‌డ్రింక్ సీసా. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో సుమారు 25 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఐదారు చెంచాలు. చేను పని లేదు, ఆడుకునే జాగా ప్లాట్లయిపోయింది. మన అమ్మల కడుపుల్లో ఉన్నప్పుడు తిండి తక్కువ, మన చేతికి వచ్చేసరికి చక్కెర ఎక్కువ. ఒక్క తరంలో ఇంత మార్పు జరిగింది. స్వీడన్‌కు విమానం ఎక్కి పోయిన పిల్లలకు జరిగింది, విమానం ఎక్కకుండానే మనకు కొంత జరుగుతోంది.

ఇందులో నిరాశ పడాల్సింది ఏమీ లేదు. మన జిల్లాలోనే దీనికి మంచి సాక్ష్యం ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్‌కు దగ్గర్లోని 29 గ్రామాల్లో ఒక అధ్యయనం చేశారు. 15 గ్రామాల్లో అంగన్‌వాడీ ద్వారా గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు ఆహారం అందింది. మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా, ఇంకేమీ కాదు. మిగిలిన 14 గ్రామాలకు అప్పటికి ఆ పథకం రాలేదు. 2003-05లో ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక మళ్లీ పరీక్షించారు, మొత్తం 1,165 మందిని. ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. అంతకంటే ముఖ్యం, వాళ్లలో ఇన్సులిన్ నిరోధం 20 శాతం తక్కువగా ఉంది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ ఫలితాలు వచ్చాయి. ఇన్సులిన్ నిరోధం అన్న మాట గుర్తు పెట్టుకోండి, ఇప్పుడు మళ్లీ అక్కడికే వస్తాను. ఆ పరిశోధన నెలసరి గురించి చేసింది కాదు. కానీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు, ఆరేళ్లలోపు పెట్టిన ఒక గిన్నె ఉప్మా పదిహేనేళ్ల తర్వాత కూడా ఒంట్లో పనిచేస్తుందని చెప్పింది. అంగన్‌వాడీ గుడ్డును, బాలామృతాన్ని చులకనగా చూసే వాళ్లకు ఈ మాట చెప్పండి.

ముందుగా పెద్దమనిషి అయితే జబ్బులు వస్తాయా అని చాలా మంది అమ్మలు నన్ను అడుగుతారు. జవాబు జాగ్రత్తగా వినండి. చాలా ముందుగా నెలసరి మొదలైనవాళ్లకు పెద్దయ్యాక షుగర్, బీపీ, అధిక బరువు వచ్చే అవకాశం మిగిలిన వాళ్లకంటే కొంచెం ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ మీద ప్రపంచవ్యాప్తంగా 117 పరిశోధనలను కలిపి 2012లో లెక్క వేస్తే, నెలసరి ఒక ఏడాది ముందు మొదలైతే ముప్పు దాదాపు 5 శాతం పెరుగుతుందని తేలింది. ఐదు శాతం పెరగడం అంటే నూటికి ఐదుగురికి వస్తుందని కాదు. ఉన్న చిన్న ముప్పు మీద ఇరవయ్యో వంతు కలుస్తుంది అని. కాబట్టి పదకొండేళ్లకు పెద్దమనిషి అయిన పిల్ల జబ్బుమనిషి కాదు. ఆమె ఒంటిని మిగిలిన వాళ్లకంటే కొంచెం ఎక్కువ శ్రద్ధగా చూసుకోవాలి, అంతే. ఆలస్యం వైపు కూడా ముప్పులు ఉన్నాయి. ఈస్ట్రోజన్ ఆలస్యంగా అందితే ఎముకలు గట్టిపడటానికి దొరికే సమయం తగ్గుతుంది.

ఇక హార్మోన్ల జబ్బుల్లో రెండింటి గురించి చెబుతాను. మొదటిది పీసీఓఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్కలో నెలసరి వయసు ఆడవాళ్లలో 8 నుంచి 13 శాతం మందికి ఇది ఉంది. వాళ్లలో 70 శాతం వరకు తమకు ఉన్నట్టే తెలియదు. ఇది కొత్తగా పుట్టుకొచ్చిన పట్నం జబ్బు కాదు, 1935లోనే అమెరికా డాక్టర్లు స్టైన్, లెవెంతాల్ దీన్ని వివరించారు. జరిగేది ఇది. మనం తిన్న చక్కెరను కణాల్లోకి పంపేది ఇన్సులిన్. కణాలు దాని మాట వినడం తగ్గిస్తే శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. దాన్నే ఇన్సులిన్ నిరోధం అంటారు. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాన్ని ఉసిగొల్పుతుంది. అది మగ హార్మోన్లు ఎక్కువ తయారు చేస్తుంది. దాంతో అండం సమయానికి విడుదల కాదు, నెలసరి తప్పుతుంది, గడ్డం మీద, పైపెదవి మీద వెంట్రుకలు వస్తాయి, మొటిమలు తగ్గవు. కొంతమందికి మెడ వెనక చర్మం నల్లగా, మందంగా అవుతుంది. దాన్ని మురికి అనుకుని పీచుతో రుద్దకండి. అది రుద్దితే పోయేది కాదు, ఇన్సులిన్ ఎక్కువైందని చర్మం చెబుతున్న మాట.

"స్కానింగ్‌లో నీటి బుడగలు కనిపించాయి, గర్భసంచి పాడైంది" అని ఏడుస్తూ వచ్చే పిల్లలు ఉన్నారు. అవి బుడగలు కావు, పూర్తిగా ఎదగని అండాల గూళ్లు. ఈడేరిన కొత్తల్లో చాలా మంది ఆడపిల్లలకు అట్లాగే కనిపిస్తాయి. అందుకే 2023లో వచ్చిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి: మొదటి నెలసరి వచ్చి ఎనిమిదేళ్లు దాటేదాకా స్కానింగ్ చూసి పీసీఓఎస్ అని తేల్చకూడదు. ఆ వయసులో తేల్చాలంటే రెండూ ఉండాలి, నెలసరి సరిగా రాకపోవడం, మగ హార్మోన్ ఎక్కువైన గుర్తులు. పదిహేనేళ్ల పిల్లకు ఒక్క స్కానింగ్ కాగితం చూపించి "నీకు పిల్లలు పుట్టరు" అని ఎవరైనా అంటే ఆ మాట నమ్మకండి. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో చాలా మంది తల్లులవుతారు, కొందరికి వైద్యం తోడు కావాలి. నిర్లక్ష్యం చేస్తే మాత్రం షుగర్ వచ్చే ముప్పు ఉంది. నెలల తరబడి నెలసరి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమై పెద్ద వయసులో క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. భయపడొద్దు, అట్లాగని వదిలేయొద్దు.

రెండోది థైరాయిడ్. గొంతు ముందు సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి. అది మందగిస్తే పిల్లకు నీరసం, నిద్రమత్తు, మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం, ఎత్తు పెరగకపోవడం, ఈడేరడం ఆలస్యం కావడం, నెలసరి మరీ ఎక్కువగా పోవడం లేదా తప్పడం జరుగుతాయి. ఇంటర్ చదివే ఒక అమ్మాయి క్లాసులో ఎప్పుడూ తూగుతుండేది. సార్లు "సోమరి" అని పేరు పెట్టారు. మార్కులు పడిపోయాయి, నెలసరి మూడు నెలలకోసారి. ఇంట్లోవాళ్లు చదువు మాన్పించి సంబంధాలు చూద్దామన్నారు. రక్తపరీక్ష చేస్తే థైరాయిడ్ మందగించిందని తేలింది. రోజుకొక మాత్ర. నాలుగు నెలల్లో మనిషి మారింది. ఆ అమ్మాయి చదువును కాపాడింది ఒక్క రక్తపరీక్ష. ఆ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో నమూనా ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా చేస్తారు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. అది పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. టీ, టిఫిన్ అరగంట నుంచి గంట తర్వాతే. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రకూ దీనికీ మధ్య కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదు. ఇంట్లో అయోడిన్ ఉప్పే వాడండి, మూత గట్టిగా పెట్టండి. సంతలో చౌకగా దొరికే గళ్లుప్పు వంటకు వద్దు.

ఇప్పుడు మీ నోటుపుస్తకంలో రాసుకోవాల్సిన లెక్క చెబుతాను. నెలసరి మొదలైన రోజుకు క్యాలెండర్‌లో సున్నా చుట్టండి. మళ్లీ మొదలైన రోజుకు ఇంకో సున్నా. రెండు సున్నాల మధ్య రోజులు లెక్కపెట్టండి. మొదటి ఏడాది ఈ లెక్క ఎట్లా ఉన్నా పెద్దగా కంగారు వద్దు, మెదడు, అండాశయం ఇంకా ఒకదానికొకటి అలవాటు పడుతుంటాయి. ఒకటి నుంచి మూడేళ్ల మధ్య 21 రోజుల కంటే తక్కువ, 45 రోజుల కంటే ఎక్కువ తేడా వస్తుంటే డాక్టర్‌కు చూపించాలి. మూడేళ్లు దాటాక 21 కంటే తక్కువ, 35 కంటే ఎక్కువ వస్తున్నా, ఏడాదికి ఎనిమిదిసార్ల కంటే తక్కువ వస్తున్నా చూపించాలి. మొదటి ఏడాది దాటాక ఎప్పుడైనా 90 రోజులు దాటిపోతే ఆగొద్దు. నెలసరి ఏడు రోజులకు మించి పోతున్నా, గంటకూ రెండు గంటలకూ ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా చూపించండి. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఉన్న రక్తమే తక్కువ, దాన్ని ఊరికే పోనివ్వొద్దు.

వయసు విషయంలో గుర్తు పెట్టుకోవాల్సినవి మూడు. ఎనిమిదేళ్లలోపు ఛాతీ పెరగడం మొదలైతే పిల్లల డాక్టర్‌కు చూపించాలి. చాలాసార్లు పెద్ద కారణం ఉండదు, కానీ చూడకుండా తెలియదు. అవసరమైతే ఆ గడియారాన్ని కొంతకాలం ఆపే వైద్యం ఉంది. పదమూడేళ్లు నిండినా ఛాతీ మొదలవకపోతే చూపించాలి. పదిహేనేళ్లు నిండినా, లేదా ఛాతీ పెరగడం మొదలై మూడేళ్లు దాటినా నెలసరి రాకపోతే చూపించాలి. ఆలస్యానికి తిండి లేమి, థైరాయిడ్, పుట్టుకతో వచ్చిన తేడాలు, సికిల్ సెల్ వంటి రక్త జబ్బులు కారణం కావచ్చు. సికిల్ సెల్ గిరిజనుల్లో ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టే 2023 జులై 1న దాని నిర్మూలన మిషన్ మొదలైంది, 40 ఏళ్లలోపు గిరిజనులకు పరీక్షలు చేస్తున్నారు. ఆ శిబిరం పెట్టినప్పుడు చెయ్యి చాపండి, తప్పించుకోవద్దు. తమ్ముళ్లూ, మీకూ ఒక లెక్క ఉంది. పద్నాలుగేళ్లు నిండినా శరీరంలో మార్పులేవీ మొదలవకపోతే మీరూ చూపించుకోవాలి. ఇందులో సిగ్గు పడేది ఏమీ లేదు.

ఎక్కడ చూపించాలి? మొదట మీ ఏఎన్‌ఎం అమ్మకు, ఆశా అక్కకు చెప్పండి. బడికి, హాస్టల్‌కు బాల ఆరోగ్య బృందం వచ్చినప్పుడు చెప్పండి. ఆ కార్యక్రమం 2013 నుంచి పద్దెనిమిదేళ్లలోపు పిల్లల కోసమే నడుస్తోంది. వాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపుతారు. చిన్నపిల్లలకు నిలోఫర్ ఉంది. హార్మోన్ల డాక్టర్లు ఉస్మానియాలోను, నిమ్స్‌లోను ఉన్నారు. క్యాలెండర్ కాగితం వెంట తీసుకుపోండి. "ఎప్పుడు వచ్చింది?" అని డాక్టర్ అడిగినప్పుడు తల దించుకుని "గుర్తులేదు" అనే బదులు ఆ కాగితం చూపించండి. సగం వైద్యం అక్కడే అయిపోతుంది.

చెయ్యకూడనివి కూడా చెప్పాలి. తీజ్ వచ్చిందనో, జాతర వచ్చిందనో, అన్న పెళ్లి ఉందనో మెడికల్ షాపులో నెలసరి వాయిదా మాత్రలు కొని మింగకండి. అవి హార్మోన్ మాత్రలు. డాక్టర్ చూసి ఇస్తే వేరే సంగతి. అక్క వేసుకుందని చెల్లి వేసుకునేవి కావు. నెలసరి రాలేదని ఎవరో ఇచ్చిన "తెప్పించే మాత్ర" కూడా అంతే. మాత్రతో రక్తం కనిపిస్తుంది, అసలు కారణం లోపలే దాగిపోతుంది. ఇంకో మాట. పీసీఓఎస్ అనగానే ఒక్కపూట తిని ఎండిపోయే పిల్లలున్నారు. సన్నగా ఉన్న పిల్ల తిండి మానేస్తే నెలసరి ఇంకా తప్పుతుంది. బరువు ఎక్కువ ఉన్నవాళ్లకు ఉన్న బరువులో ఇరవయ్యో వంతు తగ్గినా మేలు కనిపిస్తుంది. అరవై కిలోలుంటే మూడు కిలోలు. దానికి జిమ్ అక్కర్లేదు, పొడి డబ్బాలు అక్కర్లేదు.

ఏం తినాలి? కొత్తవి ఏమీ కాదు. వారంలో కొన్ని పూటలైనా అన్నం బదులు జొన్న రొట్టె. పుంటికూర, మునగాకు, పెసరపప్పు, పల్లీలు, గుడ్డు. ఐరన్ మాత్ర అన్నం తిన్నాక వేసుకుని నిమ్మకాయ నీళ్లు తాగండి, టీ తాగకండి. కూల్‌డ్రింక్ పండగకే. రోజూ ఒక గంట ఒళ్లు కదలాలి. ఖోఖో ఆడండి, మన పాటలకు వలయం కట్టి ఆడండి, అదీ వ్యాయామమే. రాత్రి ఫోన్ పక్కన పెట్టి నిద్రపోండి. రాత్రి షిఫ్టులు చేసే అక్కలు పగలు చీకటి గదిలో కుదురుగా నిద్రపోయే ఏర్పాటు చేసుకోండి, నిద్ర గాడి తప్పితే నెలసరి కూడా తప్పవచ్చు. మాకేం తెలియదు అనుకోవద్దు, ఈ తిండి, ఈ ఆట మన తాతల దగ్గర ఉన్నవే.

చివరిగా అన్నిటికంటే పెద్ద మాట. ముందుగా పెద్దమనిషి అయిన పిల్లకు హార్మోన్ల కంటే పెద్ద ముప్పు ఇంకొకటి ఉంది. ఫంక్షన్ అయిన మరుసటి రోజు నుంచి ఇంటికి వచ్చే సంబంధాలు. తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దాదాపు నలుగురిలో ఒకరు. నెలసరి రావడం అంటే శరీరం పెళ్లికి సిద్ధమైందని కాదు. కటి ఎముకలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి, రక్తం చాలదు, మనసు ఇంకా పిల్లదే. పదకొండేళ్లకు ఈడేరిన పిల్లకూ, పదిహేనుకు ఈడేరిన పిల్లకూ చట్టం ఒకే వయసు పెట్టింది, పద్దెనిమిది. 2006 చట్టం అది. కల్యాణలక్ష్మి డబ్బు కూడా పద్దెనిమిది నిండితేనే వస్తుంది. ఎవరికైనా అట్లా పెళ్లి చేస్తున్నారని తెలిస్తే 1098కి ఫోన్ చెయ్యండి, మీ పేరు బయటికి రాదు. అట్లాగే ఆలస్యంగా ఈడేరే పిల్లను "అది ఆడదే కాదు" అని వెక్కిరించేవాళ్ల నోరు మూయించండి. తమ్ముళ్లూ, ఈ రెండు పనులూ మీ చేతిలో ఎక్కువ ఉన్నాయి. తండా పెద్దమనుషులు మీ మాట వింటారు. అక్కకు జొన్న రొట్టె, తమ్ముడికి గుడ్డు అని పంచే ఇంట్లో గుడ్డు సగం చేసి పెట్టమని అడగాల్సింది తమ్ముడే.

2018లో మన తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. సర్పంచ్ మనవాడు, వార్డు మెంబర్ మన అక్క. ఇక అడగాల్సింది మనమే. బడిలో నీళ్లుండే మరుగుదొడ్డి, నెలకోసారి ఏఎన్‌ఎం తండాకు రావడం, ఆడపిల్లలు ఆడుకోవడానికి ప్లాట్ల మధ్య ఒక ఖాళీ జాగా. ఈ మూడూ వచ్చే గ్రామసభలో అడగండి. అడగడానికి ఒక్కరే వెళ్లొద్దు, పదిమంది ఆడపిల్లలు కలిసి వెళ్లండి, వెనక ఐదుగురు తమ్ముళ్లు నిలబడండి. ఇవాళ ఇంటికి పోగానే ఒక క్యాలెండర్ గోడకు కొట్టి, పక్కన పెన్సిల్ దారంతో కట్టండి. లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టండి.

జై సేవాలాల్!